కొత్త డైరెక్టర్ వచ్చాక ఆయన్నెవరు చూసుకుంటారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిది ఒకే బాధ. నాలుగూ బెంగళూరు నుంచే వచ్చాయి, రాసినవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. క్రైస్తవ సంస్థకు నాయకుణ్ణి ఎలా వెతకాలి, దొరికాక ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే అందరి ప్రశ్న. ఈ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఇలాంటి సంస్థల ఆఫీసుల్లో పనిచేశాను, కమిటీల్లో కూర్చున్నాను, కొన్ని తప్పుల్లో నా చెయ్యి కూడా ఉంది. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది కె.ఆర్.పురం దగ్గర ఒక ట్రస్టు. అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి బిల్డింగ్ పనులకు వచ్చే మన తెలుగు కుటుంబాల పిల్లలకు హాస్టల్, సాయంత్రం ట్యూషన్, ఆదివారం తెలుగు ఆరాధన నడుపుతున్నాం. 26 ఏళ్ల కింద మొదలుపెట్టిన అయ్యగారికి ఇప్పుడు 68, రెండుసార్లు స్టెంట్ వేశారు, వచ్చే ఈస్టర్‌కి బాధ్యత అప్పగించేస్తానన్నారు. తొమ్మిదిమంది ట్రస్టీలం మూడు ముక్కలయ్యాం. కొందరు అయ్యగారి అబ్బాయి అంటున్నారు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచివాడు, పాటలు బాగా పాడతాడు). కొందరు 14 ఏళ్లుగా ఉన్న వార్డెన్ అంటున్నారు. ఇంకొందరు గుంటూరు నుంచి అప్లై చేసిన బి.డి. (వేదాంత డిగ్రీ) చదివిన ఆయన్ను తీసుకుందామంటున్నారు. ఇంటర్వ్యూ పెడదామని నేనంటే, ‘ఇది కంపెనీ కాదు, ఉపవాసముండి ప్రార్థన చేద్దాం, దేవుడే చూపిస్తాడు’ అని పెద్దలు నా నోరు మూయించారు. ఏం చేయమంటారు?
– ఒక ట్రస్టీ, కె.ఆర్.పురం

జవాబు: తమ్ముడూ, వందనాలు. ముగ్గురిలో ఎవరో నేను చెప్పను, వాళ్లలో ఒక్కరినీ నేను చూడలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఒకటి గమనించాను. పేర్లు రాశారు, చదువులు రాశారు, ఎవరి వెనక ఎవరున్నారో రాశారు, కానీ వచ్చేవాడు చేయాల్సిన పనేమిటో ఒక్క ముక్క రాయలేదు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఒక నెలపాటు మీ అయ్యగారు పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేస్తున్నారో పక్కన ఒకరు కూర్చుని నోట్‌బుక్‌లో రాయండి. ఆదివారం ప్రసంగం అందులో చిన్న భాగమని మీకే తెలుస్తుంది. టీసీ లేని పిల్లల్ని స్కూల్లో చేర్చుకోమని జూన్‌లో హెడ్మాస్టర్ గది ముందు నిలబడేది ఆయన, మేస్త్రీ కూలి డబ్బులు ఎగ్గొడితే వెళ్లి అడిగేది ఆయన, గ్యాస్ అయిపోతే ఫోన్ చేసేది, ఆడిటర్‌కి బిల్లులు పంపేది, ఎవరైనా సైట్ మీద నుంచి పడితే రాత్రి పదకొండింటికి ఆసుపత్రికి పరిగెత్తేది కూడా ఆయనే. ఇది ఇద్దరు ముగ్గురు మనుషుల పని. 26 ఏళ్లలో ఒక్కొక్కటే మీదకొచ్చాయి కాబట్టి ఆయన మోయగలిగారు, కొత్తవాడికి మాత్రం మొదటి రోజే మొత్తం మూట ఒక్కసారి నెత్తిన పెడతారు.

ప్రార్థన చేద్దామన్న పెద్దల మాట నాకు చిన్నదేమీ కాదు, నేనూ చేస్తాను. అయితే అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం తీసి ఆ పెద్దలతో కలిసి చదవండి. యేసును అప్పగించిన యూదా స్థానంలో ఒకరిని ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు చీట్లు వేశారని అందరికీ గుర్తుంటుంది, దాని ముందు జరిగింది గుర్తుండదు. పేతురు ముందు అర్హత చెప్పాడు: యోహాను బాప్తిస్మమిచ్చిన కాలం నుంచి యేసు ఆరోహణమైన రోజు దాకా మనతో కలిసి తిరిగినవాడై ఉండాలని. ఆ అర్హతకు తగినవాళ్లను ఇద్దరిని నిలబెట్టారు, తర్వాత ప్రార్థించారు, ఆ తర్వాతే చీట్లు. ఆరో అధ్యాయంలోనూ అంతే. రోజూ పంచే భోజనంలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగితే, అపొస్తలులు ఎలాంటివాళ్లు కావాలో చెప్పి, ఏరుకునే పని సంఘానికే వదిలేశారు, చివర్లో ప్రార్థన చేసి చేతులుంచారు. ఏరుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే, అది చూశారా? ఫిర్యాదు చేసినవాళ్ల వైపు నుంచే బాధ్యత తీసుకునేవాళ్లు వచ్చారు. మీ ట్రస్టులో కూలి కుటుంబాల తల్లిదండ్రుల్ని ఈ విషయంలో ఎవరైనా ఒక మాట అడిగారా?

ఇప్పుడు ఆ ముగ్గురి సంగతి. అయ్యగారి అబ్బాయి కొడుకైనంత మాత్రాన పనికిరాడని కాదు, కొడుకైనంత మాత్రాన సరిపోడు కూడా. మిగతా ఇద్దరూ వచ్చే గుమ్మంలోంచే అతనూ రావాలి: అదే దరఖాస్తు, అవే ప్రశ్నలు. ఆ రోజు నాన్నగారు, బంధువులైన ట్రస్టీలు గదిలో ఉండకూడదు. అసలు అతనికి ఈ పని ఇష్టమేనా అని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, ‘నాన్న బాధపడతారని ఒప్పుకున్నాను’ అన్న కొడుకుల్ని నేను ఇద్దరిని చూశాను. వార్డెన్‌ని కూడా అడగండి. 14 ఏళ్లు పిల్లల మధ్య సంతోషంగా ఉన్న మనిషిని తీసుకెళ్లి ఆడిట్ ఫైళ్ల ముందు కూర్చోబెట్టడం ప్రమోషన్ అవుతుందో శిక్ష అవుతుందో ఆయనే చెప్పాలి. ఒకవేళ వద్దంటే ఆయన జీతం, హోదా మాత్రం అక్కడే ఉంచేయకండి.

గుంటూరు ఆయన గురించి మీవాళ్ల భయం నాకు అర్థమైంది, బయటివాడు, ఈ ఊరు తెలియదు, కన్నడ రాదు. మన తెలుగు సంఘాల చరిత్రలోనే దీనికి జవాబుంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్.అజరయ్య మన దోర్నకల్‌కి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. దానికి ముందు ఏళ్లపాటు వై.ఎం.సి.ఏ.లో పనిచేశారు, 1903లో తమ జిల్లాలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టినవాళ్లలో ఒకరు, ఆ సొసైటీ పనివాళ్లు దోర్నకల్‌లో ఉండగా 1909లో తానే అక్కడికి కదిలారు. బిషప్‌గా నిలబెట్టేసరికి ఆయన పని ఎలాంటిదో చూసినవాళ్లు చాలామంది ఉన్నారన్నమాట. మీరు కూడా గుంటూరు ఆయన్ను ఒక్క ఆదివారం పిలిచి ప్రసంగం చెప్పించి పంపించేయకుండా, రెండు వారాలు హాస్టల్లో ఉండమనండి. పిల్లలతో తినమనండి. వంటామెతో ఎలా మాట్లాడతారో, కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో, తనకు తెలియనిది అడిగితే ‘తెలియదు’ అంటారో లేదో చూడండి. ఆ ఖర్చు ట్రస్టే పెట్టుకోవాలి. కన్నడ నేర్చుకోవడానికి ఆయన సిద్ధమేనా అన్నది ముఖాముఖి అడగండి, ఎందుకంటే ఇక్కడ పిల్లల పని అంటే సగం ప్రభుత్వ ఆఫీసుల పని.

రెఫరెన్సుల దగ్గర మనవాళ్లు చాలా మొహమాటపడతారు. ఆయన ఇచ్చిన రెండు నంబర్లకు ఫోన్ చేస్తారు, అటువైపు కూడా ఒక అయ్యగారే ఉంటారు, ‘చాలా మంచి సేవకుడు బ్రదర్’ అంటారు, అయిపోయింది. పై అధికారుల్ని కాకుండా ఆయన కింద పనిచేసినవాళ్లను అడగండి. ‘మళ్లీ అవకాశమొస్తే ఆయన దగ్గర పనిచేస్తారా?’ అని అడిగి ఊరుకోండి, అవతలివాళ్లు జవాబుకి ముందు ఎంతసేపు ఆగారో వినండి. సంఘానికి వెలుపలివారి చేత మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలోనే ఉంది కదా, పాత ఇంటి ఓనర్‌ని, అక్కడి కిరాణా కొట్టాయన్ని కూడా అడగొచ్చు. పిల్లలుండే చోటు కాబట్టి పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి, ముగ్గురికీ, పద్నాలుగేళ్లుగా తెలిసిన వార్డెన్‌తో సహా. పోక్సో చట్టం 2012 ప్రకారం పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసి దాచిపెట్టడం నేరం, సంస్థ పేరు పోతుందని లోపల సర్దుకోవడం కుదరదు. వచ్చే నాయకుడికి ఆ మాట మొదటి రోజే స్పష్టంగా చెప్పి సంతకం తీసుకోండి.

జీతం గురించి పెద్దలు ‘విశ్వాసంతో వచ్చేవాడు అడగడు’ అంటారని నాకు తెలుసు. అడగడు, నిజమే. ఆయన అడగకపోయినా మీరు చెప్పాలి. పనివాడు తన జీతమునకు పాత్రుడు అని రాసినవాడు పౌలే. బెంగళూరులో ఇంటికి కట్టాల్సిన అడ్వాన్స్ ఎంతో, పిల్లల స్కూల్ ఫీజు ఎంతో మీ ట్రస్టీల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, మీ సొంత కొడుకు ఆ జీతంతో ఈ ఊళ్లో బతకగలడా అని లెక్క వేసి ఆ అంకె కాగితం మీద పెట్టండి. ఇంకొకటి, అయ్యగారిని తీసుకుంటే అమ్మగారు ఉచితంగా వస్తారన్న అలవాటు మానేద్దాం. సండే స్కూలు, స్త్రీల కూడిక, వచ్చినవాళ్లందరికీ టీలు, భోజనాలు ఆమె చేయాలనుకుంటే అది పని, పనికి జీతం రాయండి. ఆమెకు వేరే ఉద్యోగముంటే ఏమీ ఆశించకండి.

ఇక నా చెయ్యి ఉన్న తప్పు. చాలా ఏళ్ల కింద ఇక్కడే ఒక సంస్థకు డైరెక్టర్‌ను వెతికే కమిటీలో నేనున్నాను. ఒకాయన వచ్చి నలభై నిమిషాలు వాక్యం చెప్పారు, అందరి కళ్లలో నీళ్లు, అదే మధ్యాహ్నం ఆయన్ను తీసేసుకున్నాం. ‘త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణము చేయకుము’ (తొందరపడి ఎవర్నీ సేవకు నియమించొద్దు) అన్న వాక్యం మాలో అందరికీ కంఠతా వచ్చు. అయినా నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ తొందర కాదు. ఆ తర్వాత పద్నాలుగు నెలల్లో కమిటీ ఆయన్ను ఐదుసార్లు పిలిచింది, ఐదుసార్లూ లెక్కల కోసమే. ఎలా ఉన్నారని ఎవరం అడగలేదు. బాగా నడుస్తోందనుకున్నాం. ఒక రోజు శివాజీనగర్ బస్టాండులో ఆయన భార్య కనిపించి, వెళ్లిపోతున్నాం అక్కా అంది, పాప చేతిలో బట్టల సంచి. మీరొచ్చినప్పుడు చేసిన విందే ఆఖరు, మళ్లీ ఎవరూ మా ఇంటికి రాలేదంది. ఆయన పోయాక మళ్లీ ఉపవాస ప్రార్థన పెట్టాం, మళ్లీ వెతికాం. ఆయన ఎందుకు వెళ్లిపోయారని మినిట్స్‌లో ఒక్క లైను కూడా లేదు.

అందుకే మీరు ఎవర్ని ఎంచుకున్నా సరే, ఎంచుకున్న రోజే ఇంకొకటి కూడా తీర్మానం చేయండి. ట్రస్టీల్లో ఒకరు (చైర్మన్ కాకుండా) మొదటి ఏడాదంతా నెలకొకసారి ఆయన ఇంటికి వెళ్లి కూర్చోవాలి, ఫైళ్లు లేకుండా. మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాదికి కూర్చుని, ముందు రాసుకున్న పనిలో ఏది జరిగింది, ఏది మేమే ఆయనకు అడ్డుపడ్డాం అని రెండు వైపులా మాట్లాడుకోవాలి. పాత అయ్యగారి విషయం కూడా ముందే తేల్చండి: ఆయనకు పెన్షన్ లాంటిది ఏదైనా ఇస్తారా, ఉండే ఇల్లు ట్రస్టుదైతే ఎక్కడికి వెళ్తారు. 26 ఏళ్లు మోసిన మనిషికి తలదాచుకునే చోటు చూపించకుండా కుర్చీ ఖాళీ చేయమంటే ఆయన చేయలేరు, చేసినా మనసు అక్కడే ఉంటుంది.

ప్రశ్న: అక్కా, నాకు 31. ఒక క్రైస్తవ సంస్థలో ఎనిమిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఇప్పుడు ప్రోగ్రామ్ హెడ్‌గా ఉండమన్నారు. ఆడమనిషి కింద మేం పనిచేయాలా అని ఇద్దరు పాస్టర్లు బహిరంగంగానే అన్నారు. ఒప్పుకోనా?
– ఒక సోదరి, లింగరాజపురం

జవాబు: ఒప్పుకో అమ్మా, పని నీకు ఇష్టమైతే. రోమా పత్రికలో పౌలు కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను చేర్చుకోమని, ఆమెకు ఏది కావాలంటే అందులో సహాయం చేయమని అక్కడి సంఘానికి రాశాడు, అంటే మగవాళ్లకూ రాశాడు. మనకు పక్కనే ఉన్న వేలూరు ఆసుపత్రి 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టింది, 1918లో ఆడపిల్లలకు వైద్యం నేర్పే స్కూలు కూడా ఆవిడే తెరిచింది. కాకపోతే హోదా ఒకటే ఇచ్చి అధికారం ఇవ్వకపోతే నువ్వు నలిగిపోతావు. బడ్జెట్‌లో ఎంతవరకు నువ్వే సంతకం పెట్టొచ్చు, ఆ ఇద్దరు పాస్టర్ల సెలవులు, రిపోర్టులు ఎవరి దగ్గరికి వస్తాయి, వాళ్లు నిన్ను దాటి నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్తే డైరెక్టర్ ఏమంటారు, ఈ మూడూ ఆర్డర్‌లో రాయించుకుని చేరు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, మీ దగ్గర లేకపోతే నువ్వు చేరాక మొదటి మీటింగ్‌లోనే అడుగు.

ప్రశ్న: మా సంస్థకు విదేశీ విరాళాలు వస్తాయి. కొత్త డైరెక్టర్ జీతం మొత్తం ఆ డబ్బులోంచి ఇవ్వొచ్చా?
– ఒక ట్రెజరర్, హెణ్ణూరు

జవాబు: ఇవ్వొచ్చు గానీ హద్దుంది. 2020లో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మార్చినప్పుడు విదేశీ విరాళంలో పరిపాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదన్నారు, అంతకు ముందు 50 శాతం ఉండేది. సంస్థను నడిపేవాళ్ల జీతం ఆ 20 శాతంలోకే వస్తుంది, కాబట్టి ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజు వగైరా అన్నీ కలిపి చూసుకోండి. కనీసం సగం జీతమైనా ఇక్కడి సంఘాల కానుకల్లోంచి వచ్చేలా చూడమని నా సలహా. లైసెన్స్ రెన్యూవల్ ఆగిన రోజు డైరెక్టర్ ఇంట్లో పొయ్యి ఆగకూడదు. ముఖ్య బాధ్యుల పేర్లు మారితే ప్రభుత్వానికి తెలియజేయాలి, అది మర్చిపోయి ఇబ్బంది పడ్డవాళ్లున్నారు.

ప్రశ్న: అక్కా, మా ఆయన ఒక సంస్థకు మూడేళ్లుగా డైరెక్టర్. జీతం 22 వేలు. ముందున్న పెద్దాయన రిటైరయ్యారు గానీ రోజూ ఆఫీసుకొచ్చి తన పాత గదిలోనే కూర్చుంటారు, స్టాఫ్ అందరూ సంతకాలకు కూడా ముందు ఆయన దగ్గరికే వెళ్తారు. కమిటీవాళ్లు ఫిర్యాదు ఉంటేనే ఫోన్ చేస్తారు. ఆదివారాలు ప్రసంగాలు, మిగతా ఆరు రోజులు ఆఫీసు. నాలుగు నెలలుగా ఈయన రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, పిల్లల మీద అరుస్తున్నారు, తర్వాత బాత్రూంలో తలుపేసుకుని ఏడుస్తున్నారు. మానేద్దామంటే ‘ఇది నా పిలుపు’ అంటారు. నా విశ్వాసమే తక్కువేమో అనిపిస్తోంది.
– ఒక భార్య, బెంగళూరు

జవాబు: చెల్లీ, నీ విశ్వాసం తక్కువ కాదు. మొదట ఆ మాట తీసెయ్. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూశాక కూడా అరణ్యంలో చెట్టు కింద పడుకుని ‘నా ప్రాణం తీసెయ్’ అన్నాడు. దేవుడు ఆయన్ను మందలించలేదు, దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, తిని మళ్లీ నిద్రపోతే పోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ పెట్టాడు. ప్రశ్నలన్నీ ఆ తర్వాతే. చివర్లో ఎలీషాను పక్కన నిలబెట్టాడు కూడా. కాబట్టి మీ ఆయనకు ఇప్పుడు కావాల్సింది పిలుపు మీద చర్చ కాదమ్మా, నిద్ర. నాలుగు నెలలు నిద్రలేకపోవడం, ఏడుపు, ఇవి డాక్టర్‌కి చూపించాల్సిన విషయాలు, బీపీ, షుగర్ లాగే. ఈ ఊళ్లోనే నిమ్హాన్స్ ఉంది, మానసిక ఆరోగ్యానికి పెద్దాసుపత్రి. అక్కడిదాకా రావడానికి ఆయన మొహమాటపడితే 14416కి ఫోన్ చేయండి, అది టెలిమానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే మాట ఆయన నోట ఎప్పుడైనా వస్తే ఆ రోజే తీసుకెళ్లు, ప్రార్థన కూడిక అయ్యేదాకా ఆగకు.

కమిటీకి ఉత్తరం రాయాల్సింది ఆయన. రాయలేని స్థితిలో ఉంటే ఆయన ఒప్పుకున్నాక మీరిద్దరూ కలిసి చైర్మన్ ఇంటికి వెళ్లండి. మోషే పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు చెప్తూ కూర్చుంటే, ‘నీవు చేయుచున్న పని మంచిది కాదు’ అని చెప్పింది మామ యిత్రో, నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న జనమూ నలిగిపోతారన్నాడు. అలా చెప్పాల్సిన బాధ్యత మీ కమిటీదే, వాళ్లు చెప్పలేదు కాబట్టి మీరే వెళ్లి చెప్పించుకోవాలి. అడగాల్సినవి కచ్చితంగా అడగండి. వెంటనే ఒక నెల జీతంతో సెలవు. తర్వాత నుంచి ప్రతి సోమవారం సెలవు, ఆ రోజు ఆఫీసు ఫోన్ ఇంకొకరి దగ్గర. నెలకు రెండు ఆదివారాలు వేరేవాళ్ల ప్రసంగం. జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ వర్తించదు, మీది వెయ్యి రూపాయల తేడాలో బయట పడింది, కాబట్టి కుటుంబానికి ఆరోగ్య బీమా సంస్థే కట్టాలి. స్టాఫ్ ఇరవైమంది ఉంటే సంస్థకు పీఎఫ్ కూడా వర్తిస్తుంది, మీ ఆయనకు ఉందో లేదో పే స్లిప్ చూడు.

పెద్దాయన గది మాట మాత్రం మీ ఆయన ఎత్తకూడదు, ఎంత మర్యాదగా చెప్పినా దురుసుగానే వినిపిస్తుంది. చైర్మన్ వెళ్లి చెప్పాలి. ఆయన ప్రేమతోనే వస్తున్నారని నేను నమ్ముతాను, ఇంట్లో కూర్చుంటే ఆయనకూ రోజు గడవదు. ఆరు నెలలు ఆఫీసుకు రాకుండా, వేరే చోట ఆయనకు తగిన పని చూపించమనండి, కొత్త పాస్టర్లకు నేర్పడమో, ఊళ్లలో సంఘాలను చూసి రావడమో. ఆ గది తాళం, చెక్కుల మీద సంతకం, రెండూ ఒకే రోజు మీ ఆయన చేతికి రావాలి.

ఇవన్నీ అడిగాక కూడా కమిటీ ‘ప్రార్థన చేస్తాం’ అని పంపించేస్తే, మూడు నెలలు గడువు పెట్టుకోండి. అప్పటికీ ఏదీ మారకపోతే వదిలేసి రండి. పిలుపు ఆ సంస్థ బోర్డు మీద రాసి లేదు, ఆయన దగ్గరే ఉంటుంది. ఈలోగా డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి. వెళ్లారని నాకు ఒక ముక్క రాయి చెల్లీ, ఆ ఉత్తరం పత్రికలో వేయను.